కొసన ఆనిన అరచెయ్యి

సూర్యాపేట మిర్చి వ్యాపారుల్లో నా అంత తెలివైనవాడు లేడు. గోదాము కిరాయి గిట్టాలని ద్వారంలో కూడా సగం వెడల్పు దాకా బస్తాలు పేర్పించాను. తలుపు బందుల వైపు మిగిలిన సందులోంచే లోపలికి దూరేవాళ్ళం.

మా మేనత్త ఏ తలుపునైనా బందులకు దూరంగా, కొసన అరచెయ్యి ఆనించి తోసేది.

"మధ్యల పట్టుకుంటే కరుస్తదా అత్తా?" అని నవ్వేవాణ్ణి.

ఒకరోజు మేమిద్దరం లోపల ఉండగా గాలికి, బయటికి తెరుచుకునే ఆ ఇనుప తలుపు మూసుకుని బిగిసిపోయింది. నా ఫోన్ దుకాణంలోనే ఉండిపోయింది. అరిస్తే పలికేవాడు లేడు. అత్తకు అసలే ఆయాసం, ఘాటుకు ఊపిరాడడం లేదు. అందిన చోట, బందుల పక్కనే, భుజం పెట్టి తోశాను. తలుపు కదలలేదు.

"గీడ ఎంత నూకినా దండుగ కొడుకా. కొసకు పోవాలె. బస్తాలు గుంజు."

"పలిగితే సరుకు ఖరాబైతది అత్తా. ఇంకొక్కసారి సూస్త."

"నాతోని గూడ బేరమేనా?"

అప్పుడు బస్తాలు లాగాను. ఆమె కొసన అరచెయ్యి ఆనించింది, పక్కనే నేనూ ఆనించాను. తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది.

బస్తాలు ఒక్కటీ పగల్లేదు. నేను బేరమాడినంతసేపు ఆమె పీల్చిన ఘాటు మాత్రం దగ్గై, చివరిదాకా ఆమెను వదల్లేదు.