ఆయన గొంతు, నా పెదవులు

“మద్రాసుల పాట మర్సిపోతె ఎవని మొఖం సూడాలె?” అన్నాడు ఆయన, గడప దాటుతూ.

“నా మొఖమైతె సూడకు. నేను రాను,” అన్నాను.

నాకూ మా ఆయనకూ మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. ఆయన చేతిలో రెండు రైలు టికెట్లున్నాయి. ఒకటి నాది. రెండూ జేబులో పెట్టుకొని వెళ్లిపోయాడు. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని ఇన్నేళ్ల తర్వాత కూడా ఉలిక్కిపడతాను.

బిడ్డా, నువ్వు మా తమ్ముడి కూతురివి, చదువుకున్నదానివి. నా చదువు సంతకం దగ్గరే ఆగిపోయింది. నేను చెప్పేది పుస్తకాల్లో రాసే తీరుగానే రాసుకో. ఎవరేమన్నారో అది మాత్రం అన్నది అన్నట్టే పెట్టు.

ఎమర్జెన్సీ పోయిన తర్వాతి సంగతి. వరంగల్‌లో మగ్గాల వాడలో ఉండేవాళ్లం. ఆయన జంపఖానాలు నేసేవాడు. వాడలో నేసేవాళ్లంతా కూడి ఒక పాటల నాటకం ఆడేవారు. మాట తక్కువ, పాట ఎక్కువ. ఒక కోట దొర యుద్ధానికి పోతాడు, రాణి బురుజు మీద ఎదురుచూస్తుంది, చివరికి దొర సామాను వస్తుంది కానీ దొర రాడు. అంతే కథ. ఆ రాణి వేషం ఆయనది. మా పెళ్లికి ముందు నుంచీ ఆయనదే. అందుకే ఏనాడూ మీసం పెంచలేదు. మీసం ఉన్న మొగుణ్ని నేను చూడనే లేదు.

“ఏం వదినా, నీళ్లకు పోతానవా?” అని వాడలో మగవాళ్లు గేలి చేసేవాళ్లు.

“పోతాన మరిదీ, బిందె నువ్వెత్తుతవా?” అని నడుం తిప్పి వాళ్లనే నవ్వులపాలు చేసేవాడు.

గొంతు బంగారం. మతిమరుపు మాత్రం చెప్పలేనంత. ఆయనకూ చదువు రాదు. నాకేమో పాట ఒక్కసారి వింటే చాలు, మరిచిపోవాలన్నా పోదు. కానీ నా గొంతు సంగతి నీకు తెలుసు కదా, రంపం కోసినట్టుంటుంది. ఆట నడుస్తున్నంతసేపూ స్టేజీకి ఎడమ పక్క తెర చాటున నిలబడి, చప్పుడు లేకుండా ఉత్త పెదవులు కదిపేదాన్ని. మాట తట్టకపోతే ఆయన కోట గుమ్మం వైపు చూస్తున్నట్టు తల తిప్పి నా నోటిని చూసేవాడు, అందుకొని పాడేవాడు. జనం అదంతా నటన అనుకునేవారు.

ఒక పాట ఉంది. “గుర్రమొచ్చె, గొడుగు వచ్చె, కత్తి వచ్చె, చెప్పులొచ్చె, దొరవు నువ్వు రాకపోతివి.” ఈ చెప్పుల దగ్గర ఎప్పుడూ ఆగేవాడు. పద్నాలుగేళ్లలో ఒక్కనాడైనా చెప్పులు తనంతట తాను తెచ్చింది లేదు.

ఈ నాటకాన్ని సినిమాగా తీస్తానని ఒక డైరెక్టర్ వచ్చాడు. బక్కగా, కళ్లద్దాలు పెట్టుకొని ఉండేవాడు. చిన్న సినిమా, నలుపు తెలుపుదే. అతని కోసం పగటిపూటే ఒక ఆట ఆడారు. మొదట ఎదురుగా కూర్చొని చూశాడు. ఏమనుకున్నాడో లేచి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఇక స్టేజీ వైపు చూడలేదు, నన్నే చూశాడు. నాకు చెమటలు పట్టాయి కానీ పెదవులు ఆపలేను కదా, ఆపితే రాణి ఆగిపోతుంది.

ఆట అయ్యాక అందరినీ పిలిచి వేషాలు పంచాడు. దొర, మంత్రి, గుర్రపువాడు అన్నీ మా వాళ్లకే ఇచ్చాడు.

“రాణి మాత్రం ఈ అమ్మ,” అని నన్ను చూపించాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని.

“కెమెరా దగ్గరికి పోతే పౌడరు కింద గడ్డం నల్లగా కనిపిస్తుంది. సినిమాలో పాట ముందే రికార్డు చేస్తాం, తర్వాత దానికి పెదవులు కలపాలి. ఆ పని చేతగాక పెద్ద పెద్ద వాళ్లే అవస్థ పడతారు. ఈవిడ అదే పని రోజూ చేస్తోంది. గొంతు మీది, మొహం ఈవిడది,” అని మా ఆయనతో చెప్పాడు.

ఆయన ఇంకా రాణి చీరలోనే ఉన్నాడు. “అంటె గడ్డమున్న రాణి గుడ్డి దొరకే పనికొస్తదన్నట్టు!” అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. ఆయన నవ్వలేదని నేనొక్కదాన్నే చూశాను.

మరునాడు పొద్దున గడ్డం, మీసం గీసుకోలేదు. ఆ మరునాడూ అంతే. మూడో నాడు మా అత్త ముందరే అన్నాడు: “నోరు కదిలిచ్చెటోళ్లంత రాణులే ఇగ. పాడెటోడు పాలేరు.”

నాకు ఒళ్లు మండింది. ఆ వేషం నేను అడిగానా? రికార్డింగ్ కోసం ఇద్దరికీ టికెట్లు వస్తే పోనని కూర్చున్నాను. తర్వాత జరిగింది మొదటే చెప్పాను.

మూడు వారాలు మద్రాసులో ఉంచారు. ఫలానా రోజు పొద్దున దిగుతాడని కబురు వచ్చింది. వరంగల్ స్టేషన్‌కు పోయాను. రైలు వచ్చింది, జనం దిగారు, రైలు కదిలి పోయింది. ఆయన దిగలేదు. కావాలనే దిగలేదనుకున్నాను. నన్ను చూసి మొహం తిప్పుకొని ముందుకు పోయాడనుకున్నాను. తిట్టుకుంటూ ఇంటికొచ్చి పొయ్యి ముట్టించాను. అన్నం కూడా వండుకున్నాను.

మధ్యాహ్నం రైల్వే మనిషి వచ్చి తర్వాతి స్టేషన్ కాజీపేటకు రమ్మన్నాడు. ప్లాట్‌ఫారం చివర బల్ల మీద పడుకోబెట్టి గుడ్డ కప్పారు. నిద్రలోనే గుండె ఆగిందట. పక్క సీటు ఖాళీ కాబట్టి లేపేవాళ్లు లేరట. గుడ్డ తీశారు. నల్లటి మీసం, ఒత్తుగా.

“మీ ఆయనేనా అమ్మా?” అన్నాడు పోలీసాయన.

“కాదు సారూ! మా ఆయనకు మీసముండది,” అన్నాను.

సంతోషంగా అన్నాను, బిడ్డా. నవ్వినట్టు కూడా గుర్తు. అతను ఒక సంచీ, చెప్పుల జత తెచ్చి నా ముందు పెట్టాడు. ఎడమ చెప్పు పట్టీ తెగితే నేనే మగ్గం దారంతో కుట్టాను. ఆ కుట్టు చూసి కూలబడ్డాను.

పదకొండో రోజు దాటాక డైరెక్టర్ వచ్చాడు. మీరు చేయలేరు, మద్రాసు నుంచి ఎవరినైనా పెట్టుకుంటానన్నాడు.

“ఆ గొంతు కింద ఇంకో మొఖం పెట్టకున్రి. నేనే చేస్త,” అన్నాను.

వాడంతా భగ్గుమంది. రాణి ముత్తైదువ కదా, పాట మొదట్లో బొట్టు, పూలు, గాజులు అన్నీ ఉండాలి. “మొగడు పోయి మూడు నెల్లు కాలె, పూలు పెట్టుకుంటదట!” అని నా ముందే అన్నారు. ఖిల్లాలో షూటింగ్ నాడు నేను కుర్చీలో కూర్చున్నాను. మేకప్ చేసేవాడు కుంకుమ తీశాడు. అప్పుడే మా అత్త వచ్చింది. ఎంత గొడవ చేస్తుందోనని అందరూ పక్కకు జరిగారు. ఆమె అతని చేతిలోని కుంకుమ భరిణె లాక్కుంది.

“గీ బొట్టు నా కొడుకు పెట్టుకున్నది. గిది రాణిది, నీది గాదు. ఏడ్వకుంట మొఖం ఇటు తిప్పు,” అని తానే పెట్టింది.

టేపు పెట్టారు. మైకులోంచి ఆయన గొంతు వచ్చింది. పెదవులు వాటంతట అవే కదిలాయి. గుర్రమొచ్చె. గొడుగు వచ్చె. కత్తి వచ్చె. ఆ తర్వాత గొంతు ఆగింది. వాద్యాలు నడుస్తున్నాయి, గొంతు లేదు. ఆయన ఆగితే అందించడం నాకు అలవాటు. చెప్పులొచ్చె, అని నా పెదవులు కదిలాయి. చప్పుడు లేదు. అప్పుడు ఆయన, “దొరవు నువ్వు రాకపోతివి,” అన్నాడు.

డైరెక్టర్ ఆపించాడు. దగ్గరకొచ్చి అడిగాడు: “అక్కడ మాట ఉందా అమ్మా? ఆయన మూడుసార్లు పాడారు. మూడుసార్లూ అక్కడే ఆగి, ఎడమ పక్కకు తల తిప్పి గోడ వైపు చూశారు. అది పాట పద్ధతేమో, అదీ బాగుందని ఉంచేశాం.”

నేనుండాల్సిన చోట గోడ ఎందుకుందో అతనికి చెప్పనా?

ఆ ముక్క అట్లాగే ఉంచారు. ఎనభైల్లో సినిమా వచ్చింది, మా ఊళ్లో వారం కూడా ఆడలేదు. నేనూ మా అత్తా పోయాం. నా పెదవులు కదిలి చప్పుడు రాని చోట జనం ఈలలు వేశారు. “ఏయ్ ఆపరేటర్, సౌండేదిరా!” అని ఎవరో అరిచారు. మా అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అక్కడ ఏ మాట ఉందో హాల్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు నీకు తెలిసింది.

రాయడం ఆపు బిడ్డా, చాలు. ఇక మొదటి నుంచి చదివి వినిపించు. నిదానంగా చదువు. ఎక్కడన్నా తడబడితే ఆగి నా మొఖం చూడు.