ముంతలో పడిన పేర్లు

మా మనవరాలు నా ఫోనులో ఒక గంట పెట్టింది. గంట అంటే అరవై నిమిషాల గంట కాదు, మోగే గంట. తెల్లవారగానే అది మోగుతుంది, తెర మీద ఒక వాక్యం వస్తుంది, అది చదివి, కళ్లు మూసుకుని, తెరిచి, కింద ఉన్న బొత్తాం నొక్కితే నేను ప్రార్థన చేసుకున్నట్టు దాని లెక్క. మొన్న నొక్కడం మరిచిపోయాను. నిన్న పొద్దున అది, మీ వరుస తెగిపోయింది, మళ్లీ మొదలుపెట్టండి అని చెప్పింది. పెద్దదాన్నని కూడా చూడలేదు. నేను ప్రార్థన చేసిన మాట వాస్తవం, బొత్తాం నొక్కని మాటా వాస్తవమే. ఈ రెంటిలో ఫోనుకు తెలిసేది రెండోది, దేవునికి కావలసింది మొదటిది కదా అని సర్దిచెప్పుకుని బియ్యం కడగబోయాను గానీ, ఆ మాట మాత్రం అన్నంలో రాయిలా పంటికి తగులుతూనే ఉంది. ఎందుకంటే ఒకప్పుడు మా ఇంట్లో నిజంగానే వరుస తెగబోయింది. తెగకుండా పట్టుకున్న చెయ్యి నాది కాదు.

మాది ఎర్రుపాలెం వైపు. నన్ను ఇచ్చింది సారపాక అవతల, కాగితం మిల్లు కూత వినబడేంత దూరంలో, అడవి మొదలయ్యే చోట ఉన్న ఊరికి. మా ఆయన మిల్లులో వెదురు దించే దగ్గర కాంట్రాక్టు పనిలో ఉండేవారు. కూతను బట్టి వెళ్లేవారు, కూతను బట్టి వచ్చేవారు. ఇంట్లో గడియారం ఉన్నా అది గోడకు బొట్టు పెట్టినట్టు ఉండేదే తప్ప దాన్ని అడిగి ఎవరూ లేచేవారు కాదు. నా మాటతీరు విని అక్కడి ఆడవాళ్లు, రేడియోలో వార్తలు చదివే పిల్ల కోడలై వచ్చిందని నవ్వేవారు. నా నోటికి 'ఏంది' అలవాటు కావడానికి చాలా కాలం పట్టింది. ప్రార్థన అలవాటు కావడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టింది.

అలాగని నేను దేవుడు లేని ఇంట్లో పుట్టినదాన్ని కాను. మా పుట్టింటివాళ్లం ఆదివారం క్రైస్తవులం. ఆ ఒక్కరోజు ఉతికిన బట్టలు కట్టుకుని గుడికి వెళ్లి ఆయన్ను పలకరించి వచ్చేవాళ్లం. మిగతా వారమంతా ఆయన మా ఊసెత్తినట్టు లేదు, మేమూ ఆయన ఊసెత్తలేదు. అత్తగారింట్లో సంగతి వేరు. కోడి ఇంకా నిద్రలో ఉండగానే అత్తమ్మ అందరినీ లేపి చాప మీద మోకరింపజేసేది. నిద్రకైనా ప్రార్థనకైనా కళ్లు మూసుకోవడమే గనుక నేను ఏది చేస్తున్నానో బయటికి తెలిసేది కాదు, గురక పట్టిస్తే తప్ప. ఆ రోజుల్లో మోకాళ్ల మీద ప్రార్థన చేయలేక బాధపడేదాన్ని. ఇప్పుడేమో ప్రార్థన చేస్తే మోకాళ్ల కోసమే చేస్తున్నాను.

అత్తమ్మకు చదువు రాదు. బైబిలు ఆమె చేతిలో నేనెప్పుడూ చూడలేదు, అది ఆమె నోట్లో ఉండేది. ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కోతకూ, వానాకాలం నాట్లకూ వెళ్లి, వచ్చి, పొయ్యి దగ్గర కూర్చున్నాక ఆమె అసలు ఆరాధన మొదలయ్యేది. మన ఈడు వాళ్లకు పిడికెడు బియ్యం సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. వండబోయే ముందు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, దేవుని పేరున వేరే ముంతలో వేసి, ఆదివారం గుడికి తీసుకెళ్లి గంపలో పోయడం చాలా ఇళ్లలో ఉన్నదే. దొడ్డు బియ్యం, సన్నబియ్యం, కంట్రోలు బియ్యం అన్నీ ఆ గంపలో కలిసిపోయేవి గనుక పాస్టరుగారింట్లో అన్నం ఎప్పుడూ సగం మెత్తగా, సగం పలుకుగా ఉండేది. సంఘమంతా ఒకే కుండలో ఉడకడమంటే ఇదేనమ్మా అని పాస్టరమ్మగారు నవ్వేది.

అయితే మా అత్తమ్మ ఒట్టి పిడికెడు వేసేది కాదు. పూటపూటకూ పిడికిలి బిగించి, ఎవరో ఒకరి పేరు పైకి చెప్పి, వాళ్లకు కావలసింది దేవుణ్ణి అడిగి, అప్పుడు వేళ్లు విప్పేది. ఒక పూట ఒక మనిషి. పొద్దున కొడుకు పేరైతే సాయంత్రం జ్వరం వచ్చిన ఎదురింటి పాప, మర్నాడు ఈనలేక అవస్థపడుతున్న ఎవరిదో బర్రె. మనుషుల వరుసలోకి బర్రె రావచ్చునా అని నాకు సందేహం వచ్చేది గానీ అడిగే ధైర్యం ఉండేది కాదు. ఇంకొక సంగతి, ఆ రోజు తను ఎవరితో పోట్లాడితే వాళ్ల పేరుకు పిడికిలి మరీ నిండుగా పట్టేది. అదేమిటత్తమ్మా అంటే, "కొట్లాడినోళ్లకు పెద్ద పిడికిలి పట్టాలె పిల్లా. మంచిగున్నోళ్లను ఎట్లనో ఆయనే చూస్తడు," అనేది.

ఆ లెక్కన ముంతలో సగం బియ్యం మా పక్కింటి ఆమెవే అయి ఉండాలి. వరసకు నాకు పెద్దత్త. వాళ్లు మా గుడికి వచ్చేవాళ్లు కారు, వాళ్ల దేవతలు అడవిలో వాళ్లకున్నారు. మనిషి గట్టిది, గొంతు అంతకంటే గట్టిది. బోరింగు దగ్గర బిందె ముందు ఎవరు పెట్టారన్న సంగతి మీద ఆమెకూ అత్తమ్మకూ పోట్లాట జరగని రోజు లేదు. మధ్యలో ఉన్నది వెదురు దడే గనుక సాయంత్రం అత్తమ్మ ఆమె పేరు ఎత్తగానే అవతలినుంచి జవాబు వచ్చేది.

"నా పేరు దేవునికాడ ఎందుకు ఎత్తుతున్నవే? నేనేమన్న సచ్చిన్నా?"

"సావద్దనే ఎత్తుతున్న. సప్పుడు చెయ్యకు, నా ఎసరు మరుగుతుంది."

ఇట్లా సాగుతున్న ఇంట్లో ఒక పొద్దున అత్తమ్మ వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ ఒరిగిపోయింది. భద్రాచలం దవాఖానాలో కొన్నాళ్లుంచి, ప్రాణానికి భయం లేదని చెప్పి పంపారు. పక్షవాతం కుడిచేతినీ మాటనూ తీసుకుపోయింది. అన్నేళ్లు అంత గలగల మాట్లాడిన నోటికి ఒక్క 'అవ్' మాత్రం మిగిలింది. ఆకలా అంటే అవ్, దాహమా అంటే అవ్. కాదని చెప్పాలంటే తల అడ్డంగా ఊపాలి.

ఇంటికి వచ్చిన నాటినుంచి ఆమె అన్నం ముట్టలేదు. జావ రెండు గుక్కలు తాగేది, అన్నం చూస్తే పళ్లు బిగించి గోడవైపు తిరిగేది. మింగగలదని డాక్టరు చెప్పే పంపారు. మెత్తగా వండాను, పప్పుచారు పోసి పిసికాను, మా ఆయన కూతకు ముందూ కూత తరువాతా మంచం పక్కన కూర్చుని చిన్నపిల్లకు పెట్టినట్టు ముద్ద పట్టుకుని బతిమాలారు. ఆమె కంట్లోంచి నీళ్లు కారేవి గానీ నోరు తెరుచుకునేది కాదు. మనిషి రోజురోజుకూ మంచంలో చాపలా అయిపోతోంది. తెల్లవారుజాము ప్రార్థన కూడా ఆగిపోయింది, లేపేవాళ్లు లేరు గనుక. ఇక బతకాలని లేదేమో అని మా ఆయన ఒకనాడు అరుగు మీద కూర్చుని మొహం కండువాలో దాచుకున్నారు.

ఆ రోజే పక్కింటి పెద్దత్త వచ్చింది. ఎప్పటిదో ఒక పెద్ద పోట్లాట తరువాత ఆమె మా గడప తొక్కడం అదే మొదటిసారి. మంచం దగ్గర నిలబడి కాసేపు చూసి, నావైపు తిరిగింది.

"ఏం పెడుతున్నవు పిల్లా?"

మెత్తగా వండి పెడుతున్నాననీ, మింగలేకపోతోందనీ నా రేడియో తెలుగులో చెప్పాను.

"మింగలేక కాదు, మింగది. ముంతల తీసినవా?"

"దేంట్లో అండీ?"

"దేంట్లో ఏంది! నీ అత్త ముంతల. ఇన్నేండ్ల సంది పొద్దుమాపు దడి అవతల ఉన్న నాకే ఎరుకైంది, ఇంట్ల ఉన్నదానివి నీకు ఎరుక లేదా? తియ్యకుండ వండిన బువ్వ అది తింటదా!"

వంట నాది, పిడికిలి ఆమెది అని నేను అనుకున్నాను. ఆమె మంచం పట్టింది గనుక పిడికిలి కూడా మంచం పట్టిందనుకున్నాను. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు, మా ఆయనకూ తట్టలేదు. గుడి గడప ఎక్కని మనిషికి తట్టింది.

చేటలో బియ్యం, పక్కన ముంత తెచ్చి మంచం మీద పెట్టాను. అత్తమ్మ కళ్లు ఒక్కసారి వెలిగాయి. కుడిచెయ్యి కదలలేదు. ఎడమచెయ్యి సాచింది, ఆ చేతికి ఆ పని ఎప్పుడూ లేదు. పట్టుకున్న గింజలు వేళ్ల సందుల్లోంచి దుప్పటి మీద పడ్డాయి, దుప్పటి మీదినుంచి నేల మీద పడ్డాయి, కోళ్లు పరుగెత్తుకొచ్చాయి. మళ్లీ పట్టింది. మళ్లీ జారాయి. నేను చెయ్యి సాయం పట్టబోతే పెద్దత్త నా మణికట్టు పట్టుకుని ఆపింది. చివరకు ఒక పిడికిలి నిలిచింది. ఆమె దాన్ని ముంత మీదికి తెచ్చి అక్కడే ఆపి నా మొహంలోకి చూసింది. పేరు చెప్పాలి. పేరు ఆమె నోటికి రాదు. నేను చెప్పాలన్నమాట.

మీ అబ్బాయికా అన్నాను. తల అడ్డంగా ఊపింది. పాస్టరుగారికా? కాదు. దవాఖానాలో చూసిన నర్సమ్మకా? కాదు. ఎదురింటి పాప, ఆడబిడ్డ, ఆఖరికి బర్రె కూడా అయిపోయింది. పిడికిలి వణుకుతోంది, ఒక్కో గింజే జారుతోంది.

"నాకేనేమో. అన్నిట్ల పెద్ద పిడికిలి నాదే గద," అని పెద్దత్త కొంచెం ముందుకు వంగింది. అత్తమ్మ ఆమెవైపు చూసి తల అడ్డంగా ఊపింది. పెద్దత్త మొహం మాడింది.

ఇక మిగిలింది నేనే. "నాకా అత్తమ్మా?"

"అవ్."

నేను కొంగుతో కళ్లు ఒత్తుకున్నాను. పెద్దత్తది తడిసే కన్ను కాదు. "అట్లయితే నీ మీద మస్తు కోపమున్నట్టే పిల్లా, పిడికిలి ఎట్ల నింపిందో చూడు," అంది. అత్తమ్మ నోరు ఒక పక్కకు లాగింది. అది నవ్వు అని అర్థం కావడానికి మాకు కాస్త సమయం పట్టింది. నాకోసం నేనే, ఆమె బదులు, ఏదో రెండు ముక్కలు పైకి ప్రార్థన చేశాను, ఏమన్నానో గుర్తులేదు. వేళ్లు విడిపోయాయి, గింజలు ముంత అడుగున చప్పుడు చేశాయి. మిగతావి వండి పెట్టాను. తింది.

అది కోపంతో పట్టిన పిడికిలో ప్రేమతో పట్టిన పిడికిలో నాకు ఈనాటికీ తెలియదు. ఆమె దగ్గర ఆ రెండూ ఒకే చేటలో ఉండేవి.

అప్పటినుంచి పూటపూటకూ చేట ఆమె దగ్గరికి తీసుకెళ్లడం నా పని అయింది. నాకు భక్తి కుదిరిందని చెప్పుకుంటే అబద్ధం. నా కోసం నేను ప్రార్థన చేసుకోవాలంటే రేపు చేద్దాం అనుకోవచ్చు. కానీ ఒక మనిషి వణికే ఎడమచేత్తో బియ్యం పట్టుకుని మీ నోటివైపు చూస్తూ ఉంటే రేపు అనడానికి ఉండదు. పొడుగు మాటలూ కుదరవు, చెయ్యి అలిసిపోతుంది. అడగవలసింది ఆ పిడికిలి ఆగగలిగినంతసేపట్లో అడగాలి. నా మాట నచ్చితే 'అవ్' అని వేళ్లు విప్పేది, నచ్చకపోతే పిడికిలి బిగించే ఉంచేది, నేను మళ్లీ మొదటినుంచి అడగాలి. వేదాంత కళాశాలలో చదివినవాళ్లకు కూడా అంత కచ్చితమైన గురువు దొరికి ఉండదు. తెలియకుండానే తెల్లవారుజామున లేవడం వచ్చింది, చాప పరవడం వచ్చింది, గురక పోయింది. ఎదురింటి పాప ఏ క్లాసుకు వచ్చింది, ఎవరి ఇంట్లో పొయ్యి వెలగలేదు, ఇవన్నీ కనుక్కోవడం వచ్చింది. పేరు ఊహించాలంటే ఊరి సంగతులు తెలియాలి కదా.

అత్తమ్మ ఇంకా చాలా ఏళ్లే బతికింది. ఎడమచెయ్యి గట్టిపడింది, మాట మాత్రం తిరిగి రాలేదు. పెద్దత్త బోరింగు దగ్గర పోట్లాటకు జోడీ దొరక్క నాతో ప్రయత్నించింది గానీ, నా తెలుగుతో పోట్లాడితే మజా లేదని మానుకుంది.

అత్తమ్మ పోయిన రోజు మా పొయ్యి వెలగలేదు. సమాధి తోటనుంచి వచ్చి అందరం అరుగు మీద కూలబడి ఉంటే, పెద్దత్త దడి అవతలినుంచి గిన్నెడు అన్నం, పప్పు తెచ్చి ముందు పెట్టింది. ఎవరూ చెయ్యి కదపలేదు. ఆమె కొంగు ముడి విప్పి, అందులోని బియ్యం నా చేతిలో పోసి, ఎవరితోనో తగువాడుతున్నట్టు, "తీసే వండిన. తినుర్రి," అంది. ఎవరి పేరు చెప్పి తీశావని నేను అడగలేదు. ఆ పిడికిలి చూస్తే తెలుస్తూనే ఉంది, చాలా పెద్దది.

ఇప్పుడు పెద్దత్త కూడా లేదు. నేను ఖమ్మంలో కొడుకు దగ్గర, లిఫ్టు ఎక్కితే తప్ప చేరలేని కిరాయి ఇంట్లో ఉన్నాను. గుడిలో బియ్యం గంప తీసేసి ఎన్నాళ్లయిందో. వంటింట్లో కుక్కరు ఉంది, దానికి దాని గ్లాసు ఉంది, నీళ్లకు దాని గీత ఉంది; పిడికిలికి అందులో చోటు లేదు. అయినా నేను తీస్తూనే ఉన్నాను, డబ్బా నిండితే మెట్లు కడిగే అమ్మాయికి ఇస్తాను. మనుషులేమీ చెడిపోలేదు, మా మనవరాలే రోజూ గంట మోగిందా నాయనమ్మా అని అడుగుతుంది. పోయిందల్లా ఆ దడి. ఒకరి పేరు ఒకరి నోట దేవుని ముందు పలికితే, ఆ పలికినది అవతలివాళ్ల చెవిన పడి, వాళ్లు తిరిగి తిట్టే ఆ కాలం పోయింది.

నిన్న సాయంత్రం చెప్పుల స్టాండు తలుపుకు అడ్డంగా పెట్టారని ఎదురు ఫ్లాటు ఆమెతో నాకు మాటా మాటా పెరిగింది. లోపలికి వచ్చి, చేయి నిండుగా బియ్యం పట్టి, ప్రార్థన మొదలుపెట్టాక గుర్తొచ్చింది, ఆమె పేరు నాకు తెలియదు. ఎన్నాళ్లుగానో ఎదురెదురుగా ఉంటున్నాం. తలుపు తీసి, వెళ్లి, పేరు అడిగి వచ్చాను. ఎందుకని ఆమె కంగారుపడింది, నేను చెప్పలేదు. తిరిగి వచ్చి ఆ పేరు కొంచెం గట్టిగానే పలికి పిడికిలి విప్పాను. ఇటుక గోడ కదా, వినబడిందో లేదో. జవాబు వస్తుందేమోనని మాత్రం కాసేపు నిలబడ్డాను.