కరెంటు పోయినా చల్లారని డ్రమ్ము

మా ఆయన మేడ మీద రేకుల గదిలో పెట్టుకున్న గాజు జాడీని నేను నా సవతి అనేదాన్ని. ఆయన చిలకలూరిపేట దారిలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. బ్రాడీపేటలో మేం అద్దెకుంటున్న ఇంటికి రావటం, చెప్పులు విడవటం, మేడెక్కటం. కాఫీ కూడా నేనే పైకి మోసుకెళ్లాలి.

పల్లాడియం అనే లోహం, గుడ్డ నీళ్లు పీల్చినట్టు హైడ్రోజన్‌ని పీల్చుకుంటుందట. జాడీలో భారజలం, అంటే బరువైన హైడ్రోజన్ ఉన్న నీళ్లు, పోసి, కాస్త లిథియం ఉప్పు కలిపి, మధ్యలో పల్లాడియం తీగ, దాని చుట్టూ ప్లాటినం తీగ దించి కరెంటు పంపాలి. బరువైన హైడ్రోజన్ ఆ తీగలో కిక్కిరిసిపోయి, ఎక్కడో రెండు పరమాణువుల కేంద్రకాలు కలిసిపోతే వేడి పుడుతుంది. ఇచ్చిన కరెంటు కన్నా వచ్చిన వేడి ఎక్కువైతే గెలిచినట్టు. సూర్యుడిలో జరిగేది పచ్చడి జాడీలో జరుగుతుందంటే లోకం నమ్మలేదు. మా ఆయన నమ్మారు. ఏళ్ల తరబడి తీగని కాల్చేవారు, గరుకు కాగితంతో రుద్దేవారు, మళ్లీ దించేవారు. థర్మామీటరు మాత్రం లెక్క ప్రకారం ఉండాల్సిన చోటే ఉండేది. ఆయన తిండి తగ్గింది, మాట తగ్గింది. ఒకసారి అన్నం కలుపుతూ, "ఇది కూడా రాకపోతే ఇక నేనెందుకు" అన్నారు. ఆ రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు.

వేడి బయటికి పోకుండా జాడీ చుట్టూ పెట్టిన థర్మకోల్ పాడైపోయింది. పర్చూరు దగ్గర మా పుట్టింట్లో తుఫానుకు తడిసిన పత్తి ఎవరూ కొనక మూలన పడుంది. గింజ తీయని పత్తే, లోపలి తడి ఇంకా ఆరలేదు. ఒక బస్తా తెప్పించి ఇచ్చాను. ఆయన పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో జాడీని నిలబెట్టి చుట్టూ ఆ పత్తి గట్టిగా కూరారు.

కొన్నాళ్లకే వేడి లెక్క దాటింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, జాడీలో బుడగలు ఆగాయి, వేడి మాత్రం దిగలేదు. ఆయన మెట్లు దిగి పరుగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకున్నారు. "కరెంటు లేకపోయినా చల్లారటం లేదే. అసలు గుర్తు ఇదే." పెళ్లైన కొత్తలో కూడా ఆయన మొహం అలా వెలగటం నేను చూడలేదు. ఆ పూట మారు అన్నం అడిగి పెట్టించుకున్నారు. సోమవారం ఉద్యోగం మానేస్తున్నానని ప్రిన్సిపాల్‌కి చెప్పేస్తానన్నారు. ఇల్లు గడిచేది ఆ జీతం మీదే. అయినా సరేనన్నాను. అది నిజం కావాలని ఆయన కన్నా నాకే ఎక్కువగా ఉంది.

ఆదివారం పొద్దున కాఫీ తీసుకెళ్తే డ్రమ్ము దగ్గర ముక్కిన వాసన వచ్చింది. ఆ వాసనలోనే నేను పుట్టి పెరిగాను. తడి పత్తిని కుప్పేస్తే గింజ మగ్గి లోపల సెగ పుడుతుంది. చలికాలంలో పిల్లలం అందులో చేతులు దూర్చి వెచ్చబెట్టుకునేవాళ్లం. జాడీకి దూరంగా, డ్రమ్ము అంచున చెయ్యి పెట్టి చూశాను. ఆ సెగే. నేను పొరబడితే బాగుండును దేవుడా అనుకున్నాను.

చెప్పకపోతే ఉద్యోగం పోతుంది. చెబితే మనిషే దక్కడేమోనని భయం. కిందికొచ్చి కూర మాడ్చేశాను. ఇక ఉండబట్టలేక మళ్లీ పైకెళ్లాను.

"ఏమండీ, జాడీ తీసి బయట పెట్టండి. వట్టి పత్తిలో ఒక్కసారి థర్మామీటరు పెట్టి చూడండి."

ఆయన జాడీ తీసి బల్ల మీద పెట్టారు. కాసేపటికి జాడీ చల్లారింది, పత్తి చల్లారలేదు. గుప్పెడు పత్తి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయారు. పక్కన కూర్చుని నేను చెయ్యి పట్టుకుంటే విడిపించుకోలేదు, తిరిగి పట్టుకోనూ లేదు. గుప్పెట్లోని పత్తిని తిరిగి డ్రమ్ములో వేసి లేచారు.

"రేపు క్యారేజీ కట్టు. రోజూ వెళ్లే బస్సుకే వెళ్తాను."

ఆ మాట కోసమే ఆ పొద్దుటి నుంచీ కనపడని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. తీరా అది విన్నాక గుమ్మం పట్టుకుని ఏడుపు ఆపుకోలేకపోయాను.