రాఘవమ్మ పెద్దమ్మ బెజవాడ తనిఖీ

పక్క సీట్లో మా ఆవిడ గోటితో నిమ్మకాయ గీరుతోంది. కారు ప్రయాణంలో కడుపులో తిప్పకుండా ఆమెకదే మందు. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, వెనకసీట్లోంచి రాఘవమ్మ పెద్దమ్మ గొంతు వినిపిస్తుంది. "ఒరే, ఆ లారీ నందిగామ నుంచీ మన వెనకే వస్తోంది, చూశావా?" అప్పట్లో బెజవాడకు ఉన్న రోడ్డు అదొక్కటే, లారీ మాత్రం ఇంకెక్కడికి పోతుంది? ఆ నిమ్మకాయనే చేతిలోకి తీసుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇప్పుడు చెప్పబోయే ప్రతి మాటా నిజం.

జగ్గయ్యపేటలో పెద్దమ్మది మా పక్కిల్లు. చుట్టరికం లేకపోయినా నన్ను తిట్టే హక్కు మా అమ్మకన్నా ఆమెకే ఎక్కువ. పాలవాడు నీళ్ళు కలిపితే పోట్లాడేది. కలపకపోతే, ఎందుకు కలపలేదా అని రెండు రోజులు ఆలోచించేది. తల్లి లేని తమ్ముడి కూతురు లలితను తనే పెంచింది. పిల్లకు వచ్చిన సంబంధాలన్నీ ఆ అనుమానానికే బలయ్యాయి. పెట్టిన పకోడీలన్నీ ఒక పెళ్ళికొడుకు తినేశాడు. "ఇంట్లో తిండి పెట్టరేమో" అంది. ఇంకొకడు ముట్టలేదు. "ఎక్కడో తినొచ్చాడు. ఎక్కడ?" అంది. ఆ తర్వాత బెజవాడ నుంచి ప్రసాద్ వచ్చాడు. గవర్నరుపేటలో పంపుసెట్ల షాపు, పటమటలో ఇల్లు. పకోడీలు సగం తిని, సగం వదిలాడు. అతనిలో పెద్దమ్మకు తప్పేమీ దొరకలేదు. అదే ఆమెకు నిద్ర లేకుండా చేసింది.

అప్పట్లో మావైపు మాట ఇచ్చే ముందు పిల్లాడి వీధికి చెప్పకుండా వెళ్ళి, చుట్టుపక్కల ఆరా తీయడం మామూలే. నేను మా బాబాయి అంబాసిడర్‌ను అద్దెకు తిప్పుతుండేవాణ్ణి, బెజవాడకు పెద్దమ్మ అదే మాట్లాడుకుంది. పొద్దున్నే బయలుదేరబోతుంటే లలిత వచ్చి నా చేతిలో నిమ్మకాయ పెట్టింది.

"అన్నయ్యా, ఇది అత్తకి. నాకు ఆయన నచ్చారు. ఈ సంబంధం కూడా చెడిందంటే, ఇంకెవరి ముందూ కూర్చోను."

"నేనేం చేస్తానమ్మా, డ్రైవర్ని!"

"తిప్పేది నువ్వేగా. మంచి వీధుల్లో తిప్పు."

బెజవాడ మొదట్లో భవానీపురం రాగానే పెద్దమ్మ కారు పక్క వీధిలోకి తిప్పమంది. "వాళ్ళిల్లు పటమట అన్నారుగా పెద్దమ్మా?" అన్నాను. "అన్నార్రా. అందుకే ముందు మిగతా పేటలన్నీ చూడాలి. ఇంకో ఇల్లుంటేనో?" అంది. అలా భవానీపురం చూశాం, సత్యనారాయణపురం చూశాం. పెళ్ళికొడుకు పేరు ఆమె ఎక్కడా ఎత్తలేదు. ఇస్త్రీ బండివాణ్ణి, ఈ చుట్టుపక్కల పొద్దుపోయి ఇల్లు చేరేదెవరని అడిగింది. వాడు ఆమెను ఎగాదిగా చూసి బండి అవతలికి లాక్కున్నాడు. గవర్నరుపేట చేరేసరికి ప్రసాద్ షాపు మూసి ఉంది.

"పట్టపగలు షాపు మూశాడే!"

"భోజనానికి వెళ్ళుంటాడు పెద్దమ్మా."

"ఎవరింటికి?"

పటమటలో అయితే ప్రసాద్ ఇల్లున్న వీధి చుట్టూనే గుండ్రంగా తిప్పించింది. తెల్ల అంబాసిడర్, కిటికీలకు పరదాలు, లోపల ఎవరో తెలియదు. కాసేపటికి వీధి తీరు మారిపోయింది. కిరాణా కొట్టాయన సగం తలుపు దించాడు. ఒక పెద్దాయన గోనె బస్తా ఒకటి పెరట్లోకి ఈడ్చుకుపోయాడు. ఏ పన్నుల ఆఫీసువాళ్ళమో అనుకున్నారు కాబోలు. "చూశావా, వీధంతా దాచుకునేవాళ్ళే!" అని పరదా సందులోంచి చూస్తూ పెద్దమ్మ నిమ్మకాయను పిసికేసింది. లలిత సంబంధం ఆ నిమ్మకాయతోపాటే నలిగిపోయిందనుకున్నాను.

మళ్ళీ మలుపు తిరిగేసరికి రోడ్డుకు అడ్డంగా స్కూటరు ఉంది. పక్కన ప్రసాద్ నిలబడి ఉన్నాడు.

"ఎవరండీ మీరు? ఇందాకట్నుంచీ ఇక్కడే తిరుగుతున్నారు."

"అడ్రసు వెతుకుతున్నామండీ."

"అడ్రసు కావాల్సినవాళ్ళు ఎవర్నైనా అడుగుతారు. మీరు దిగనే లేదు. వెనకాల ఎవరు?"

పెద్దమ్మ తనే పరదా తప్పించింది. అతను ఆమెను గుర్తుపట్టి, ఉలిక్కిపడి నమస్కారం పెట్టాడు. అయినా దారి వదల్లేదు. వంగి, మెల్లగా అడిగాడు. "ఈ డ్రైవరు మీకు తెలిసినవాడేనా అండీ? మిమ్మల్ని ఎక్కడికీ ఎత్తుకుపోవట్లేదు కదా?"

ఆమె ముఖం అంతలా వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. తిరుగు ప్రయాణంలో నందిగామ దాటాక అంది. "నన్ను చూశాక కూడా నమ్మలేదురా వాడు. ఇల్లు నిలబెట్టుకుంటాడు. సరే, ఒప్పుకున్నామని కబురు పెట్టు."

ఆమె పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ కొత్త ఊరికి వెళితే, దిగవలసిన వీధిని కారులో ఒకసారి చుట్టి రానిదే దిగను. మూసిన తలుపు కనిపిస్తే ఆమె అనుమానపడేది, నేను కథ అల్లుతాను. రెండూ ఒకే విద్య అనీ, అది ఆమె దగ్గరే నేర్చుకున్నాననీ నా నమ్మకం. ఈ రోజు కూడా పటమటకే వెళుతున్నాం, లలిత ఇంటికి.

చేతిలో నిమ్మకాయ ఉంది కాబట్టి ఇది కూడా చెప్పాలి. అన్నీ జరిగినవే, చివర్లో ఆమె చెప్పిన "సరే, కబురు పెట్టు" ఒక్కటే నా కల్పన. నందిగామ దాటాక ఆ మాట చోట పెద్దమ్మ అన్నది "చూద్దాం" అని మాత్రమే. అయితే ఆ కల్పన ఇప్పటిది కాదు. జగ్గయ్యపేటలో కారు ఆగగానే లలిత గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చి "అత్త ఏమంది?" అని అడిగింది. ఆ పిల్ల ముఖం చూసి "సరే అంది" అనేశాను. వెనక తలుపు తీసుకుని దిగుతున్న పెద్దమ్మ అక్కడే ఆగింది. నలిగిన నిమ్మకాయ చేతిలోనే పట్టుకుని, నన్ను పైనుంచి కిందికి అనుమానంగా చూసింది. కాదనలేదు.