అన్న ఖాళీ చేసిన ఫోల్డరు

మొన్న మార్కాపురంలోని మా ఫోటో స్టూడియోకి ఫోటోలన్నీ దాచే కొత్త స్టోరేజి పెట్టె బిగించడానికి వచ్చిన మెకానిక్ పాతదాన్ని తెరిచి చూసి, ముప్పై రోజులు దాటిన బ్యాకప్ స్నాప్‌షాట్లన్నీ వాటంతట అవే పోతున్నాయి గానీ ఒక్కటి మాత్రం ఏళ్ళ తరబడి కదలకుండా ఉంది, తీసేద్దామా సార్ అని అడిగాడు. అతన్ని కసిరినంత పని చేశాను. పాపం, అతనికేం తెలుసు! అది కొత్త పెట్టెలోకి కూడా రావాల్సిందేనని చెప్పి, టీ నెపంతో బయటికొచ్చి నిలబడ్డాను.

మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, నెగటివ్‌కు బూజు పట్టిందంటే ఆ ఫోటో మీద ఆశ వదులుకోవాల్సిందే. కంప్యూటర్లు వచ్చాక పోగొట్టుకోవడం ఇంకా సులువైంది. వైరస్ తగిలి పెద్దారవీడు పెళ్ళి ఒకటి మొత్తం మాయమైపోతే, పెళ్ళికూతురి నాయన నన్నూ మా అన్ననూ ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నా బిడ్డకు మళ్ళా తాళి కట్టించమంటారా ఏంది?" అని అడిగిన తీరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. స్టూడియో మా ఇద్దరిదీ గాబట్టి తిట్లు కూడా చెరిసగం పంచుకున్నాం. ఆ దెబ్బకే అన్న ఈ పెట్టె కొన్నాడు. రోజూ పొద్దున పది గంటలకు అది తనలో ఉన్నదంతా ఎట్లున్నది అట్లే ఒకసారి గుర్తుపెట్టుకుంటుంది, దాన్నే స్నాప్‌షాట్ అంటారు. ఆ తర్వాత మనం చెరిపినా, మార్చినా, ఆ పది గంటల నాటి రూపం దాని దగ్గర భద్రంగా ఉంటుంది.

మా వృత్తిలో ఒక పట్టింపు ఉంది. పోయినవాళ్ళ ముఖం పెద్దది చేసి, వెనక నీలం రంగు పోసి, కంప్యూటర్లోనే మెడలో దండ వేసి ఇచ్చేదాన్ని దండ ఫోటో అంటాం. చావు కబురు రాకముందు ఎవరికీ దండ వేయకూడదు. దోర్నాల నుంచి ఒకాయన వేరే పని మీద వచ్చి, మంచాన పడ్డ తండ్రి ఫోటో ఇచ్చి, ఎట్లాగూ వచ్చినాను గదా, ముందే చేసిపెట్టండని అడిగితే, అన్న ఆయన్ని షట్టరు దాటేదాకా తిట్టుకుంటూ సాగనంపాడు.

అటువంటి అన్న ఉన్నట్టుండి పోయాడు. కడుపులో జబ్బు ముదిరిందని ఆయనకు ముందే తెలుసన్న సంగతి, బీరువాలో కర్నూలు డాక్టరు చీటీలు దొరికాకే మాకు తెలిసింది. పెద్దకర్మ దగ్గర పడుతుంటే వదిన నన్ను పిలిచి, "ఊరందరి మొగాలు గోడకెక్కించినాడు, మీ అన్న మొగం మాత్రం లేకుండా పోతుందా?" అని ఏడ్చింది. పెళ్ళినాటి ఫోటో తప్ప ఇంట్లో ఏదీ లేదు, అందులోనేమో మీసం కూడా సరిగా రాని పిల్లవాడు. వదినకు కావలసింది తను ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ముఖం.

పెట్టెలో అన్న పేరుతో ఒక ఫోల్డరు ఉండేది. తెరిస్తే ఖాళీ! నేను ముట్టుకోలేదు, ఇంకెవరికీ దాని పని లేదు. స్నాప్‌షాట్లలో నిన్నటిది తెరిచాను, ఖాళీ. మొన్నటిదీ అంతే. ఒక్కో పొద్దూ వెనక్కి పోతుంటే ఏదో భయం పట్టుకుంది. తొమ్మిదోదానిలో అన్న సగం చేసి వదిలిన గిద్దలూరు ఆల్బం ఉంది, పన్నెండోదానికి అది ఇంకా మొదలే కాలేదు. వెనక్కి పోయేకొద్దీ అన్న జబ్బు తగ్గి కోలుకుంటున్నట్టే ఉంది. పదిహేడోదానిలో ఫోల్డరు నిండుగా కనిపించింది. పాత ఫోటోలు ఏడెనిమిది, వాటి కింద కొత్తది ఒకటి. దాన్ని తెరిచాను.

నీలం రంగు ముందర, మెడలో బంతిపూల దండతో అన్న నవ్వుతున్నాడు.

తేదీ రెండుసార్లు చూసుకున్నాను. ఆ పొద్దున అన్న నాతో టీ తాగి, లెన్సు రిపేరని చెప్పి పదిన్నర బస్సుకు కర్నూలు పోయాడు. మర్నాటి స్నాప్‌షాట్‌కు ఫోల్డరు ఖాళీ. తిరిగొచ్చి తానే చెరిపేశాడన్నమాట, మేం చూస్తామని భయపడ్డాడో, డాక్టరు ఏదైనా ఆశ చెప్పాడో, నాకు తెలియదు. పెట్టె మొత్తాన్ని ఆ పది గంటలకు తిప్పేయాలని ఒక్క క్షణం బుద్ధి పుట్టింది, అట్లా చేస్తే అన్నే వస్తాడన్నట్లు. కానీ చేస్తే అన్న రాడు, తర్వాతి పదహారు రోజుల పని పోతుందంతే. అందుకే ఆ ఒక్క ఫోల్డరునే బయటికి తీసుకుని, ఆ స్నాప్‌షాట్ ఎన్నటికీ చెరిగిపోకుండా తాళం పెట్టాను.

దండ వేయని అసలు కాపీ కూడా పక్కనే ఉంది. టైమరు పెట్టుకుని తనను తానే తీసుకున్నాడు. ఆ ఫోటోలో ఒక మూల, కంప్యూటరు ముందు కూర్చున్న నా వీపు పడింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ పొద్దున వెనక నుంచి "ఒరే, నీలం పెట్టేదా, ఆకాశం పెట్టేదా?" అని అన్న అడగడం, నేను తల తిప్పకుండానే "ఎవురికైతే ఏంది, నీలమే పెట్టన్నా" అనడం. ఛీ, ఏం మనిషిని నేను!

ఆ దండ ఫోటోనే కట్టించి ఇస్తే వదిన చాలాసేపు చూసి, ఎవరు తీసినారని అడిగింది. నేనే తీసినా అన్నాను. "నువ్వు తీసినావు గాబట్టే అట్ల నవ్వుతుండాడు" అంది.

ఇప్పుడు దండ ఫోటోలకు మా దగ్గరికి ఎవరూ రావడం లేదు, ఫోన్లోనే వేసేసుకుంటున్నారు, పట్టింపులూ పోయాయి. వెనకటి రోజుల్లో మనిషి వద్దనుకుని చింపేసింది ఆయనతోపాటే మట్టిలో కలిసిపోయేది. అట్లా అయి ఉంటే వదినకు గోడ మీద ఆ ముఖం ఉండేది కాదు, నేనూ హాయిగా ముసలివాణ్ణి అయ్యేవాణ్ణి. నేనే తీశానని వదిన వచ్చినవాళ్ళందరికీ ఇప్పటికీ చెబుతూనే ఉంది.