బల్లకు లేవని ఆదివారాలు

మా ఆయనకు ఇల్లు కట్టుకోవాలన్న పిచ్చి ఎన్నడూ లేదు. పదిహేనేళ్లు ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడిపాడు, తిన్నాడు, పడుకున్నాడు. కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తిరగడం మొదలయ్యాక మాత్రం ఒక్కటే పట్టు పట్టాడు.

"గీ కిరాయింట్ల నేను పోతే నన్ను లోపలికి రానియ్యరు. గేటు బయట రోడ్డు మీదనే పండవెడ్తరు. మన జాగల ఒక్క అర్రన్న లేపు."

"ఛీ, ఏం మాటలవి!" అని కసురుకున్నాను గానీ ఆయన అన్నది నిజమే. అద్దెకుండేవాళ్ల శవాన్ని శంషాబాద్‌లో చాలామంది ఓనర్లు గడప దాటనివ్వరు. మైల అంటారు, తర్వాత ఆ ఇంటికి ఎవరూ రారంటారు. మా గల్లీలోనే ఒకామెను మురికి మోరీ పక్కన టెంటు కింద ఉంచడం నా కళ్లతో చూశాను.

ఊరవతల మాకు చిన్న ప్లాటు ఉంది. మా చర్చికి వచ్చే మేస్త్రీకే పని అప్పజెప్పాను. పాస్టర్‌గారు ప్లాటులో నిలబడి ప్రార్థన చేశారు, అందరం ఆమేన్ అన్నాం. కాగితం రాసుకుందామని మా ఆయన నసిగితే నేనే నోరు మూయించాను. ప్రార్థన చేసి మొదలుపెట్టిన పనికి మళ్లీ కాగితమేంటి, సిగ్గుపోదూ! రెండు నెలల్లో ఒక గది లేపి ఇస్తానన్నాడు మేస్త్రీ.

నాలుగో రోజే పునాది గుంత తవ్వుతుంటే రాయి పడింది. చిన్నాచితకది కాదు, ఏనుగు వీపంత.

"అక్కా, ఎయిర్‌పోర్టు పక్కన గదా, మందు పెట్టి పేల్చనియ్యరు. కంప్రెషర్ తెచ్చి కొట్టియ్యాలె. ఆ ఖర్చు వేరే," అన్నాడు.

"వేరే ఏంది? ఇల్లు మొత్తానికి మాట్లాడుకున్నం గదా?"

"ఇల్లు మాట్లాడుకున్నం. రాయి మాట్లాడుకోలే."

ఆ మాటకు నా ఒళ్లు మండిపోయింది. పక్క ప్లాటులో ఇల్లు కట్టింది వాడే. రాయి సంగతి తెలిసే దాచాడని నా అనుమానం. ఆ ఆదివారం ఆరాధన అయిపోయి జనం చెప్పులు వేసుకుంటుంటే అందరి ముందూ వాణ్ణి దొంగ అన్నాను. "నీ పిల్లల మీద ఒట్టేసి చెప్పు, రాయి ఉన్నదని నీకు తెల్వదా?" అన్నాను. వాడి ముఖం మాడిపోయింది. పిల్లల ఊసు ఎత్తకుండా ఉండాల్సింది. మర్నాడే కూలీలను తీసుకుని కొత్తూరులో వేరే పనికి వెళ్లిపోయాడు.

మా చర్చిలో నెలకోసారి, మొదటి ఆదివారం, బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి ఒక్కొక్కరూ లేచి ముందుకు వెళ్తారు. ఎవరితోనైనా తగువుంటే ముందు వాళ్లతో చెయ్యి కలపాలి, ఆ తర్వాతే బల్ల. ఆ నెల మేస్త్రీ లేవలేదు, నేనూ లేవలేదు. మగవాళ్ల వైపు వాడు, ఆడవాళ్ల వైపు నేను, తలలు దించుకుని చాపల మీద కూర్చుండిపోయాం. మా ఆయన ఒక్కడే గోడ పట్టుకుని నడిచి వెళ్లాడు. పాస్టర్‌గారు రెండుసార్లు ఇంటికొచ్చి బతిమాలారు. "ముందు వాణ్ణే రమ్మనండి," అన్నాను. వాడూ అదే అన్నాడట.

డబ్బు లేక కాదు. మెడలో గొలుసు కుదువ పెడితే తీరిపోయే ఖర్చు. ఒకరోజు డయాలసిస్ నుంచి వస్తూ ఆటోలో మా ఆయన అన్నాడు: "వాడు అడిగింది ఇచ్చెయ్. నీ పంతం తీరేదాక నేనుండాలె గదా."

"తెలిసి తెలిసి మోసపోవాల్నా?" అని గయ్యిమన్నాను. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. వాదించే ఓపిక ఆయనకెక్కడిది?

అట్లా నాలుగు మొదటి ఆదివారాలు పోయాయి.

ఆ తర్వాత వారమే దవాఖానలో కన్నుమూశాడు. అంబులెన్సు మా గల్లీలోకి తిరగ్గానే ఓనరమ్మ గేటుకు అడ్డంగా నిలబడింది. చెడ్డది కాదు, నాకు జ్వరమొస్తే ఎన్నిసార్లు జావ కాచి ఇచ్చిందో. "నాకు మాత్రం బాధ లేదా చెల్లె? బిడ్డ పెండ్లి పెట్టుకున్నం. జర అర్థం చేసుకో," అని ఏడ్చింది. బండిని ప్లాటుకు పోనిమ్మన్నాను.

ప్లాటులో ఏముంది? గుంత, ముళ్లపొదలు, రాయి. కబురు విని మేస్త్రీ కూలీలతో పరుగున వచ్చాడు. పొదలు కొట్టించి, నేల చదును చేసి, నాలుగు కర్రలు పాతి నీడకు టార్పాలిన్ పట్టా కట్టించాడు. మా ఆయన్ని దింపేటప్పుడు తల వైపు పట్టుకున్నది వాడే. "తప్పయింది అక్కా," అంటూ చెయ్యి చాపాడు. పట్టుకున్నాను. క్షమించి పట్టుకున్నానో, నిలబడే శక్తి లేక పట్టుకున్నానో నాకిప్పటికీ తెలియదు. పైనుంచి విమానం పోతుంటే పాస్టర్‌గారు వాక్యం ఆపి, అది దాటాక మళ్లీ అందుకున్నారు.

భూస్థాపన అయిన వారానికి గొలుసు కుదువ పెట్టి, వాడు వద్దంటున్నా డబ్బు చేతిలో పెట్టాను. రాయి పగలడానికి తొమ్మిది రోజులు పట్టింది. చెప్పినట్టే రెండు నెలల్లో గది లేచింది, పైన స్లాబు పడింది.

రాయి పడ్డాక మా ఆయన ఇంకా నాలుగు నెలలు బతికాడు.