కోటు మడతలోని దారం

రఫూ అక్కకు యాభై నాలుగేళ్లు. ముప్పై ఏళ్లుగా ఆమె చేస్తున్నది ఒకటే పని, రఫూ: చిరిగినదాన్ని చిరగనట్టు చేయడం. బట్ట అంచున లోపలికి మడిచిన భాగాన్ని విప్పి, అక్కడి పోగులు లాగి, వాటితోనే చిరుగు మీద మళ్లీ నేస్తుంది. బయటి దారం పనికిరాదు. ఎంత రంగు కలిసినా వెలుతురులో పట్టిస్తుంది. ఒకచోట గాయం మాయం కావాలంటే అదే బట్ట మరోచోట అంత తరగాలి. ఈ విద్య ఆమెకు తల్లి నేర్పింది. తల్లికి దీనితో ఏం పని పడిందో ఆమె ఎన్నడూ అడగలేదు.

ఆ ఉదయం తండ్రి దుకాణానికి వచ్చాడు. ఎనభై దాటిన మనిషి. వీధిలో అందరిచేతా ‘బంగారంలాంటి పెద్దాయన’ అనిపించుకుంటున్నాడు. తల్లి ఊలు కోటును బల్ల మీద పెట్టాడు. కుడి భుజాన జానెడు చిరుగు. అది పడిన రోజున రఫూ అక్కకు పదకొండేళ్లు. ఇల్లు వదిలిపోతున్న తల్లిని గుమ్మంలో ఆ భుజం పట్టే ఆయన లోపలికి ఈడ్చాడు.

“మీ అమ్మ దీన్ని వేసుకోదు, పారేయదు. చలికి వణుకుతూ కూర్చుంటుంది. కనపడకుండా కుట్టెయ్ తల్లీ.”

“ఎలా చిరిగిందో గుర్తుందా నాన్నా?”

“ఏ మేకుకో తగులుకుని ఉంటుంది.”

అబద్ధమైతే ఆమె భరించేది. ఆయన నిజంగానే మరిచిపోయాడు.

ఆమె దీపం దగ్గరికి లాక్కుని అంచు విప్పింది. మడతలో పోగులు లేవు, జల్లెడలా ఉంది. కోటును తిరగేసింది. మంచి రఫూ బయటికి కనపడదు, లోపల దాగదు. మెడ దగ్గర, మోచేతి దగ్గర, చంక కింద, మొత్తం తొమ్మిది పాత రఫూలు. ఆమె ఎరిగింది భుజం మీది చిరుగొక్కటే.

“ఇవీ మేకులేనా?”

“ఎప్పటివే ఇవన్నీ?”

“నన్నడుగుతావేం? మనింట్లో అన్ని మేకులు ఎక్కడేడ్చాయి?”

“ఆరిన పొయ్యి ఊదుతావెందుకు? చచ్చేలోపు ప్రశాంతంగా ఉండనివ్వవా?”

“నీ ప్రశాంతతకి కావలసిన దారమంతా అమ్మ లాగేసింది. ఇక లేదు. వెళ్లు.”

మరుపు వరమని పెద్దలు అంటారు; ఎవరికి వరమో చెప్పరు. కొట్టిన చేతికి అది ఊరికే దొరికింది. దెబ్బలు తిన్న మనిషి దాన్ని పోగు పోగునా నేయవలసి వచ్చింది, అదీ ఆయన కోసం. రఫూ అక్కకు తన వేళ్లను చూస్తేనే ఒళ్లు మండింది.

మధ్యాహ్నం తల్లి మెడ చుట్టూ చేరుమాలుతో రొప్పుతూ వచ్చింది.

“నా కోటు ఎత్తుకొచ్చాడట. కుట్టేశావా ఏంటి?”

“ఏం పెట్టి కుట్టను? మడతంతా ఊడ్చేశావుగా! నాతో ఒక్క మాటన్నా అన్నావా? ఇందుకా నాకు సూది పట్టడం నేర్పావు?”

“అరవకే. వీధిలో మీ నాన్న మంచివాడు, పేరు పాడవుతుంది.”

తల్లి అంచు ఎడమ మూలను గోటితో ఎత్తింది. అక్కడ బెత్తెడు మేర నేత చెక్కుచెదరకుండా ఉంది.

“ముప్పై ఏళ్లు కుట్టావు, మూల చూడటం రాలేదా? దారం ఉంది. ఈ ఒక్కటీ కుట్టబుద్ధి కాలేదు.”

“మరి వేసుకోవెందుకు?”

“ఇంట్లో వేసుకుంటే ఎవరికి కనపడుతుంది? వీధిలోకి రావడానికి ఇన్నేళ్లు ధైర్యం చాల్లేదు. ఇటివ్వు.”

“అంచన్నా కుట్టనీ, వేలాడుతోంది.”

“వేలాడనీ.”

తల్లి కోటు తొడుక్కుని, చిరిగిన భుజం మీదికి జారిన చేరుమాలు తీసి కూతురి చేతిలో పెట్టింది. తర్వాత ఇంటివైపు కాకుండా, తండ్రి రోజూ పదిమందితో కబుర్లు చెప్పుకునే వీధి బెంచీవైపు నడిచింది.